గచ్చిబౌలిలో పల్లకి ఎక్కిన పాప

ముగ్గురు బైక్ టాక్సీవాళ్లు మా ఆరు నెలల మనవరాలిని స్ట్రోలర్‌తో సహా పల్లకిలా ఎత్తి, గచ్చిబౌలి రోడ్డు మధ్య డివైడర్ దాటించారు. నాలుగో కొస నేను పట్టుకున్నాను.

ప్రసూతి సెలవు ముగిసి ఆ రోజే మా అమ్మాయి ఆఫీసుకు వెళ్లింది. పాప సీసా ముట్టదు. అందుకే మధ్యాహ్న విరామంలో పాపను ఆఫీసు గేటు దగ్గరికి తెస్తానని, ఏలూరు నుంచి వచ్చిన నేను మాటిచ్చాను. యూటర్న్ చాలా దూరమని క్యాబ్ డ్రైవర్ రోడ్డుకు ఇవతలే దింపేశాడు. ఎదురుగా గేటు కనిపిస్తోంది. పాప ఆకలితో గుక్కపట్టి ఏడుస్తోంది. విరామం ఇంకా పావుగంటే ఉంది.

"ఏంది పెద్దాయనా, గిట్ల నిలబడ్డవ్?" అన్నాడు ఒక బైక్ టాక్సీ అతను.

"వాళ్లమ్మ అవతల గేటు దగ్గర ఉందండి. పాలివ్వాలి."

"గంతేనా? ఫికర్ చెయ్యకు!" అంటూ తోటివాళ్లను కేకేశాడు. స్ట్రోలర్ పట్టుకున్న ముగ్గురూ కాక ఇంకొకతను ముందు నడుస్తూ హెల్మెట్ ఊపితే ఆఫీసు బస్సు కూడా ఆగింది.

"ఇదేం ఊరేగింపు నాన్నా!" అని నవ్వుతూనే అమ్మాయి పాపను లాక్కుంది. విరామం ముగిసేలోగా పాప కడుపు నిండింది.

చుట్టాలు లేని ఊరనుకున్నాను గానీ, ఆ రోజు పెళ్లివారిలా రోడ్డు దాటాం. ఆఫీసులో పిల్లల గది కావాలని అమ్మాయి పెట్టిన అర్జీకి మాత్రం ఇంకా జవాబు రాలేదు.