కోత మిషన్ విప్పిన నేరం

మా వంశంలో చేతికి గ్రీజు అంటించుకున్నవాడు లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సమాచారం కోసం చెబుతున్నాను. నిరుడు యాసంగి కోతలప్పుడు, ఆబిడ్స్‌లోని ఒక కార్యాలయంలో కూర్చుని, ఈ సమాచారం తప్పని నేనే సంతకం చేసి ఇచ్చాను.

నేను ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక, మా దేవిడీలో. దేవిడీ అంటే ఒకప్పుడు పెద్ద భవంతి, ఇప్పుడు రెండు గదులు, ఒక వరండా. ముందు భాగం లాడ్జి అయింది. ఏనుగు పట్టే దర్వాజాలోంచి ప్రయాణికుల సూట్‌కేసులు వస్తూ పోతూ ఉంటాయి. మెదక్ దిక్కున ఊళ్లో మా కోటలాంటి ఇల్లు, గడి, ఏనాడో కూలిపోయింది. పొలంలో మిగిలింది ఐదెకరాలు. దాన్ని ఒకామె కౌలుకు చేస్తుంది. నలభై ఏళ్లుంటాయి. ఆమె తాత మా గడిలో పనిచేశాడు. వాళ్ల నాయనమ్మ నన్ను దొరా అనేది, తల్లి పటేలా అనేది, ఈమె సారూ అంటుంది. ఈ వరుసన ఈమె కూతురు నన్ను ఏమంటుందో వినడానికి నేను బతికి ఉండకపోవడమే మంచిది.

వరికోత మిషన్ నా పేరు మీద ఉంది. పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకే ఆ కంపెనీ అమ్ముతుందట. ఎంచుకున్నది ఆమె, నడిపేది ఆమె, ఊళ్లో పదిమంది చేలు కోసిపెట్టేదీ ఆమే. కంపెనీవాళ్లు మూడు రోజులు నేర్పించి, ఫోటో అంటించిన ఆపరేటర్ కార్డు ఒకటి ఆమెకు ఇచ్చారు. ఆ కార్డు చూపిస్తేనే మిషన్ కదులుతుంది. నా పాత్ర యజమానిది. అంటే చేయవలసిందేమీ లేదు. ఆ పనిలో మాకు తరాల అనుభవం ఉంది.

ఆ రోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"సారూ, మిషన్ మొండికేసింది. ఇంజన్ నడుస్తుంది గని కత్తెర తిరుగుతలేదు."

"ఏమయింది?"

"ఎలుక వైరు కొరికింది. మూత విప్పి నేనే కలిపిన, టేపు సుట్టిన. గట్ల కలిపిన్నో లేదో, తెర మీద ఎర్రక్షరాలు పడ్డయి. కంపెనీ మనిషి గాకుండ ఎవరో విప్పిన్రు, గందుకే బందు వెట్టినమని."

"విప్పితే ఏం? మిషన్ మనదే కదా?"

"గా సంగతి మిషన్‌కు తెల్వదు సారూ."

కంపెనీకి ఆమె అప్పటికే ఫోన్ చేసిందట. యజమాని స్వయంగా ఆబిడ్స్ ఆఫీసుకు వచ్చి ఒక కాగితం రాసిస్తే, మిషన్‌లో కొట్టవలసిన అంకెలు ఇస్తామన్నారట. అవి కొడితే తాళం ఊడుతుంది.

"మొగులు వట్టింది సారూ. మాపటికి రాళ్లవాన అంటున్నరు. ఐదెకరాలు అట్లనే నిలవడ్డది. పక్కూరి మిషన్లు నాలుగు దినాల దాంక దొరకయి. మీరు పగటీలి బువ్వయాళ్ల వరకు అంకెలు పంపితే, వాన రాకముందుకే అంత కోసుకుంట."

"ఫికర్ పడకు. మనిషిని పంపిస్తాను" అన్నాను.



"ఏ మనిషిని సారూ?"

నిజమే. మా ఇంట్లో పంపడానికి మనిషి లేక ముప్పై ఏళ్లయింది. నోటికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. నేనే వెళ్తానని చెప్పి, మిషన్ కాగితాలు చంకన పెట్టుకుని బయలుదేరాను. స్టేషన్ ముందు షేర్ ఆటోవాడు "ఆబిడ్స్, ఆబిడ్స్" అని పిలిచాడు. తెలియని మోకాళ్ల మధ్య కూర్చుని ప్రయాణించిన దాఖలా మా ఇంట్లో లేదు కాబట్టి నడిచే వెళ్లాను. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

ఆఫీసు ఒక బూట్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. గోడ నిండా నవ్వుతున్న రైతుల బొమ్మలు. నిజం రైతులు వాటి కింద బెంచీల మీద నవ్వకుండా కూర్చుని ఉన్నారు. బల్ల దగ్గర ఒక అమ్మాయి.

"టోకెన్ తీస్కోన్రి అంకుల్."

"అమ్మాయీ, నేను ఫలానావారి మనవణ్ణి. వచ్చానని లోపల చెప్పు."

"చెప్తా అంకుల్. ముందుగాల్ల టోకెన్ తీస్కోన్రి."

టోకెన్ మీద నలభై రెండు అని ఉంది.

మా ఇంట్లో రెండు పద్ధతులున్నాయి. పరాయి చోట ఎవరైనా "దయచేయండి" అంటే తప్ప కూర్చోము. పేరు పలికి, చివర 'గారు' చేర్చి పిలిస్తే తప్ప బదులివ్వము. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఈ పద్ధతుల వల్ల ఎవరికీ మేలు జరగగా చూడలేదు. అయినా పద్ధతి పద్ధతే. బెంచీలు సగం ఖాళీగా ఉన్నాయి. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

గంటన్నర తర్వాత మైకులో "ఫార్టీ టూ" అని వినిపించింది. నేను కదల్లేదు. మళ్లీ వినిపించింది. మూడోసారి కొంచెం విసుగ్గా వినిపించింది. నలభై మూడో నంబరు లేచి లోపలికి వెళ్లాడు. నా గౌరవం నిలబడిందని నాకు తృప్తి కలిగింది. గౌరవంతో పాటు నా మోకాళ్లు కూడా నిలబడి ఉండటంతో ఆ తృప్తి ఎక్కువసేపు ఆగలేదు. అరగంట చూసి ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఫార్టీ టూ మీదే గదా? మూడుసార్లు పిలిచిన. చెవులు మంచిగున్నయా?"

"చెవులు బాగానే ఉన్నాయి. నా పేరు వినిపించలేదు."

"ఇక్కడ పేర్లుండయ్ అంకుల్. ఇప్పుడు లంచ్. మల్ల కొత్త టోకెన్ తీస్కోన్రి."

ఈసారి అరవై ఏడు వచ్చింది. అంతలో ఊరినుంచి ఫోన్.

"అంకెలిచ్చిన్రా సారూ?"

"వ్యవహారం నడుస్తోంది."

"ఎందాంక నడిచింది? ఈడ మొగులు గుట్ట దిగుతుంది."

నంబరు సంగతి దాటవేసి ఫోన్ పెట్టేశాను. బెంచీ మీద కూర్చున్నాను. ఎవరూ దయచేయమనలేదు. రెండున్నరకు "సిక్స్టీ సెవెన్" అనగానే, బడిలో మంచి పిల్లాడిలాగా చెయ్యెత్తి లేచాను.

లోపల మేనేజరు. మెడకు టై, ముఖం మీద ఓపిక. మనవడి వయసు. నా కాగితాలు చూశాడు.

"మిషన్ ఎవరిది?" అని నేనే మొదలుపెట్టాను.

"మీదే సర్."

"అందులోని వైరు?"

"అదీ మీదే సర్."

"వైరు కొరికిన ఎలుక కూడా మా పొలానిదే. మరి తెగిన వైరును అతికించుకునే హక్కు ఎవరిది?"

"అది మాది సర్" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా. "ఇనుము మీది. దాని బుర్ర మాది. కొన్నప్పుడు మీరు ఒప్పుకున్నారు."

పుస్తకం తెరిచి చూపించాడు. నలభయ్యో పేజీలో, చీమలు బారు కట్టినట్టు అక్షరాలు. జాగీర్లు రద్దు చేసిన ఉత్తర్వు మా ఇనప్పెట్టెలో ఉంది. దాన్ని కూడా ఇంతకంటే పెద్ద అక్షరాల్లో, మనిషి చదువుకునేలా అచ్చు వేశారు.

ఆ తర్వాత ఒక ఫారం నా ముందు పెట్టాడు. యంత్రాన్ని విప్పిన అనధికార వ్యక్తి పేరు. కారణం. కింద యజమాని హామీ: జరిగినదానికి క్షమాపణ కోరుతున్నాను, ఇకముందు కంపెనీ అనుమతి లేనిదే యంత్రాన్ని విప్పబోము. సంతకం.

మాఫీనామా! మా ఇంట్లో మాఫీనామా రాసిచ్చినవాడు లేడు. లేచి నిలబడి ఆ మాటే అన్నాను. అన్నాక, ఫారంలోని ఆ హామీ వాక్యం ఎక్కడో చదివానని అనిపించింది. చదవడం కాదు, రాశాను.

నా చిన్నప్పుడు, జాగీరు పోయినా జబర్దస్తీ పోని రోజులవి. ఒక ఎండాకాలం, వరి పొట్ట మీద ఉండగా బావి దగ్గర ఆయిల్ ఇంజన్ ఆగిపోయింది. మిస్త్రీ నగరంలో ఉన్నాడు. పైరు ఎండుతోందని, ఇప్పుడు కౌలు చేసే ఈమె తాత తనే ఇంజన్ విప్పి, ఏదో తుడిచి, ఏదో బిగించి, సాయంత్రానికి నీళ్లు పారించాడు. పైరు బతికింది. మా తాత అతణ్ణి గడికి పిలిపించాడు. సెలవు అడగకుండా ఇంజన్ మీద చెయ్యి వేసినందుకు కాగితం రాయించుకున్నాడు. ఆయన చెబుతుంటే రాసింది నేను. నా చేతిరాత బాగుంటుందని నాకు ఆ పని ఇచ్చారు. "ఇకముందు దొరవారి సెలవు లేనిదే ఇంజన్‌ను తాకబోను." అతను నా ముందే బొటనవేలు సిరాలో ముంచాడు. అప్పుడు ఇంజన్ మాది కనుక మా మాట చెల్లింది. ఇప్పుడు మిషన్ నాది, మాట మాత్రం వాళ్లది. మా తాతకు ఈ కిటుకు తెలిసి ఉంటే భూమినంతా రైతులకే అమ్మేసి, మాట మాత్రం తన దగ్గరే ఉంచుకుని, గడి ఈనాటికీ నిలబెట్టి ఉండేవాడు.

"నేను కోర్టుకు వెళ్తాను" అన్నాను.

"తప్పకుండా వెళ్లండి సర్. కోర్టు మీ ఇంటి దగ్గరేగా, నాంపల్లిలో. న్యాయం దొరుకుతుంది. వడ్లు దొరకవు."

వాడి తప్పులేని మర్యాద నన్ను ఎక్కువ మండించింది. విప్పినవాళ్ల పేరు రాస్తే ఏమవుతుందని అడిగాను. వాళ్లకు ఆపరేటర్ కార్డు ఉంటే ఏడాదిపాటు రద్దవుతుందని చెప్పాడు. మెట్ల మీదికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను.

"నా పేరే రాయిన్రి సారూ. విప్పింది నేనే గదా."

"మాఫీ అడగాలట."

"అడుగుదాం. మాఫీ రాసిచ్చుడు మా ఇంట్ల కొత్తదా ఏంది?" అని నవ్వింది. "మా తాత కాగితం సంగతి మా నాయన చెప్పిండు. మీ రాత ముత్యాల లెక్క ఉండెనట గద?"

నేను గబగబా మాట మార్చాను.

"నీ పేరు రాస్తే ఏడాది దాకా నీ కార్డు పనిచేయదు" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "కార్డు లేకుంటే నా బతుకుదెరువేంది సారూ? మిషన్ ఎవరు నడుపుతరు, మీరు నడుపుతరా?"

లోపలికి వెళ్లి కూర్చున్నాను. అనధికార వ్యక్తి పేరు అన్నచోట నా పేరు రాశాను. ఇంటిపేరు, వంశనామం, పాత బిరుదు అన్నీ కలిపి రాయడంతో అది గడి దాటి పక్కనున్న కారణం గడిలోకి పోయింది.

మేనేజరు నా వైపు, నా ఇస్త్రీ చొక్కా వైపు, గోళ్ల వైపు చూశాడు.

"మీరు విప్పారా సర్?"

"నేనే."

"ఏ పానా వాడారు?"

"పెద్దది."

"ఆ మూతకు పానా అక్కర్లేదు సర్. స్క్రూడ్రైవర్ చాలు."

"అందుకే అంత కష్టమయింది" అన్నాను.

బల్ల దగ్గరి అమ్మాయి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేనేజరు కూడా ఇంకేమీ అడగలేదు. గడులన్నీ నిండాయి, అతనికి కావలసింది అదే. ఇకముందు విప్పబోనని సంతకం చేశాను. ఆ సంతకం ముత్యంలా మాత్రం లేదు.

నాలుగు దాటాక నా ఫోనుకు ఎనిమిది అంకెలు వచ్చాయి. ఆబిడ్స్ రోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య, ఒక చెవి మూసుకుని వాటిని ఒక్కొక్కటిగా అరిచి చెప్పాను. కూరగాయలు బేరమాడుతున్న ఒకావిడ ఆగి మరీ చూసింది. అటునుంచి ఆమె ఒక్కో అంకె తిరిగి పలికింది. తర్వాత గరగరమని మోత మొదలైంది.

"తిరిగింది సారూ! తిరిగింది!"

"చూడమ్మా, ఈ విషయంలో నేను..."

"ఇగ పెట్టేయిన్రి. నాకు పనుంది."

వాన పొద్దుగూకకముందే వచ్చింది. అప్పటికి మూడున్నర ఎకరాలు కోసింది. మిగిలిన ఎకరన్నర రాళ్లకు రాలి మట్టిలో కలిసింది. నేను నంబరుకు పలకకుండా పోగొట్టిన పొద్దులో సరిగ్గా ఆ ఎకరన్నర కోత అయిపోయేది. ఆలస్యం ఎందుకయిందో మర్నాడు ఫోన్‌లో ఆమె అడగలేదు. నేనే చెప్పాను, మైకులో మూడుసార్లు పిలవడంతో సహా.

చాలాసేపు విని, "మంచిది సారూ. వడ్లు వంగినా మీరు వంగలే" అంది.

మా తాత తిట్టిన తిట్లలో కూడా అంత బలమైనది నాకు గుర్తులేదు.

పది రోజులకు కంపెనీనుంచి నా పేర ఉత్తరం వచ్చింది. నేను ఒప్పుకున్న నేరాన్ని వాళ్లు మనసారా నమ్మారు. అనుమతి లేకుండా యంత్రాన్ని విప్పిన కారణంగా, నేను ఏడాదిపాటు నా కోత మిషన్‌ను ముట్టుకోరాదట. పుట్టి ఇన్నేళ్లయినా దాన్నే కాదు, ఏ యంత్రాన్నీ ముట్టుకోవాలని నాకు అనిపించలేదు. ఉత్తరం రెండోసారి చదువుతుంటే అనిపించింది. నా మిషన్. నన్ను ముట్టుకోవద్దంటారా?

ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్లాను. తెలియని మోకాళ్ల మధ్యనే కూర్చున్నాను. ఆమె కొట్టం ముందు మిషన్‌కు రేకు కవచం బిగిస్తోంది, మళ్లీ ఎలుక దూరకుండా. ఉత్తరం చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇగ ఏం జేస్తరు సారూ?"

"పానా ఇటియ్యి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, చేతిలోది తుడవకుండానే నాకిచ్చింది. కవచం కింద ఒక బోల్టు చూపించి, విప్పమంది. నేను పానా తగిలించి బలంకొద్దీ తిప్పాను. అది ఇంకా బిగిసింది.

"గట్ల కాదు సారూ. ఎడమ దిక్కుకు. జర ముందుకొచ్చి కూసోన్రి, మట్టే గద, ఏం కాదు."

కూర్చున్నాను.