పొగ పోయేదాక

కసం పరేడ్, అదే సిపాయిగా ప్రమాణం చేసే కవాతు, ముగిసింది. సిపాయినయ్యానన్న సంబరంతో అమ్మ దగ్గరికి వెళ్లి, "కాక రాలేదా అమ్మా?" అని అడిగాను. అమ్మ నా కాలర్ సవరిస్తూ, "పోయిండు బిడ్డా. నెల దాటింది" అంది.

మా పక్క క్వార్టరు కాక. బొగ్గుబాయిలో మందు పేల్చే పనిచేసి రిటైరైన మనిషి. నన్ను సైన్యానికి తయారుచేసింది ఆయనే. నెల నుంచీ ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ "కాక మంచిగున్నడు" అంటూనే ఉంది. అలా చెప్పమన్నది కాకేనట. "వానికి చెప్తే గోడ దునికి వస్తడు. కసం అయ్యేదాక ఆగుండ్రి" అని దవాఖాన మంచం మీద మాట తీసుకున్నాడట.

అంతమందిలో అమ్మను అనరాని మాట అనడానికి నోరు తెరిచాను. ఆ నోరు ఎలా మూతపడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కరపత్రాలు చదివి లోకం తెలుసుకున్నవాణ్ని. నాలుగేళ్ల సైన్యం కొలువు అన్యాయమని సాయంత్రం చౌరస్తాలో వాదించేవాణ్ని. తెల్లారితే ఆ కొలువు కోసమే ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట పక్క రోడ్డు మీద పరుగెత్తేవాణ్ని. నాలుగడుగులకే ఆయాసపడే కాక స్కూటర్ మీద వెంట వచ్చేవాడు.

"మాపటికి సర్కారును తిడ్తవ్, పొద్దుగాల దాని కొలువుకే ఉరుకుతవ్. రెండు పన్లు చేసేటోనికి దమ్ము మస్తు కావాలె. ఉరుకు."

వానకు నా బూట్లు తడిస్తే నా కరపత్రాలే ఉండచుట్టి వాటిలో కుక్కేవాడు. "గిప్పుడు పనికొచ్చినయ్."

ఒకరోజు కరెంటు ప్లాంటు ఆఫీసర్లుండే జ్యోతినగర్ వైపు వెళ్లే కారులోంచి ఎవడో "బొగ్గు బ్యాచ్" అని నవ్వాడు. నేను రాయి అందుకున్నాను. కాక స్కూటర్ అడ్డం పెట్టాడు.

"కోపం వద్దని నేనంటలేను. నేను పేల్చేటోన్నే కదా. కాని పేల్చినంక పొగ పోయేదాక ముంగటికి పోవద్దు. పొగల పైకప్పు కానరాదు, పెళ్లలు నెత్తిన పడ్తయి."

"గప్పటిదాక ఆగితే వాడు ఇంటికి పోతడు కాక."

"పోనియ్యి. రేపు గూడ గిదే తొవ్వల వస్తడు."

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో పేల్చినప్పుడు మా క్వార్టర్ల కిటికీలు గడగడలాడతాయి. అందరూ తిట్టుకుంటారు. కాక మాత్రం టీ గ్లాసును పెదవి దగ్గర ఆపి, ఆ చప్పుడు పూర్తిగా సద్దుమణిగాకే గుటక వేసేవాడు. బాయి మానేసినా ఆ అలవాటు పోలేదు.

ట్రైనింగులో నా పక్క మంచం కుర్రాడికి జ్వరమొచ్చింది. నటిస్తున్నాడని మాకు ట్రైనింగిచ్చే ఉస్తాద్ అతణ్ని ఎండలో పాకించాడు. నేను పిడికిలి బిగించి వరుస దాటాను. చెయ్యి లేస్తే అదే రోజు ఇంటికి. "క్యా హై?" అన్నాడు ఉస్తాద్. కళ్ల ముందు నిజంగానే పొగ కమ్మినట్టుంది. అతని ముఖం కూడా సరిగా కనపడలేదు. అక్కడే ఆగిపోయాను. కాసేపటికి కుర్రాడి పెదవులు కనిపించాయి, ఎండిపోయి, తెల్లగా. "ఉస్తాద్, ఇసే దేఖియే" అన్నాను. ఆయన వంగి కుర్రాడి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత దవాఖానకు పంపాడు. వరుస దాటినందుకు నన్ను మాత్రం చీకటి పడేదాకా గ్రౌండ్ చుట్టూ పరుగు పెట్టించాడు. ఆ పరుగు నాకు బరువనిపించలేదు. వెనక స్కూటర్ చప్పుడు వస్తున్నట్టే ఉంది.

పరేడ్ రోజు అమ్మ ముందు తెరిచిన నోరు కూడా అలాగే ఆగింది. కాసేపటికి అమ్మ కళ్లు కనిపించాయి. నెల రోజులు ఒంటరిగా ఆ అబద్ధం మోసిన కళ్లు.

సెలవు మీద వచ్చి కాక వాకిట్లో కూర్చున్నాను. కాక భార్య చిన్నమ్మ ఆయన గ్లాసులోనే టీ ఇచ్చింది.

"సల్లగైతది, తాగురా."

పెదవి దాకా తెచ్చాను. అంతలో ఓపెన్‌కాస్టులో పేలింది. ఇద్దరం కదల్లేదు. కిటికీ రెక్కలు ఒక్కొక్కటిగా ఊరుకుంటున్నాయి. గ్లాసులో టీ ఇంకా వణుకుతోంది.