ప్రతి బటన్‌కీ ఒక బొట్టు

మా ఎదురింటి టైపు టీచరుగారు పోయారు. పొద్దున్నే పాలాయన గుమ్మంలో నిలబడి చెప్తే నేను నమ్మలేదు. నాలుగు రోజుల క్రితమే బెజవాడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, కాస్త తేలిగ్గా ఉందండీ అంటూ కిటికీలోంచి చెయ్యి ఊపారు. నిద్రలోనే పోయారట. అది విన్నాక కూడా, పడుకునే ముందు ఆవిడ ఏమైనా తిన్నారో లేదో అన్న దిగులే నాకు ముందు పట్టుకుంది.

ఉయ్యూరులో మా వీధిలో ముప్పై ఏళ్లు మేడ మీద టైపు నేర్పారావిడ. మొదట మిషన్లు, తరవాత కంప్యూటర్లు. ప్రతి ఆదివారం గోళ్లు కత్తిరించుకునేవారు. నేను నా భయాలు చెప్పుకుంటూ ఉంటే ఆవిడ వేళ్లు మోకాలి మీద కదులుతూ ఉండేవి. ఏమిటండీ అది అని ఒకసారి అడిగాను. "మీరు చెప్పేవన్నీ టైపు చేస్తున్నాను పిన్నిగారూ. రెండో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలో భయం మీకే గుర్తుండటం లేదు" అన్నారు. ఇంకెవరైనా అంటే కోపమొచ్చేదేమో. ఆవిడ అంటే నవ్వొచ్చింది.

ఆవిడ నాకు చేసిన మేలు చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి.

మా కోడలు ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలు, దరఖాస్తులు చేసి ఇస్తుంది. ఒక దసరాకి కొండపల్లిలో పుట్టింటికి వెళ్తూ, ఆయుధపూజ నాడు కంప్యూటరుకి ఒక బొట్టు పెట్టండి అత్తయ్యా, చాలు, అంది. ఒక్క బొట్టు ఏ బటన్‌కి పెట్టను? ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానేస్తే, ఆ మానేసింది రేపు పని చెయ్యకపోతే? అందుకని తడి పసుపు వేలికి అద్దుకుని కీబోర్డులో ప్రతి బటన్‌కీ పెట్టాను. దాని మీద కుంకుమ. పైన అక్షింతలు. కొబ్బరికాయ కూడా పక్కనే కొట్టాను. నీళ్లు చిందాయి.

మర్నాడు తుడుద్దామని గుడ్డతో నొక్కితే, దిగిన బటన్ దిగినట్టే ఉండిపోయింది. దాని పక్కదీ అంతే. పండగైన రెండు రోజుల్లో ఒక శుభలేఖ ఇచ్చెయ్యాలని కోడలు చెప్పి వెళ్లింది. పెళ్లివారు వచ్చి నిలదీయడం, ఇక మా ఇంట్లో ఏ వస్తువూ నా చేతికి ఇవ్వకపోవడం, అన్నీ కళ్ల ముందు ఆడాయి. కీబోర్డుని తువ్వాలులో చుట్టి ఎదురింటికి తీసుకెళ్లాను. కోడలికి తెలియకుండా బాగుచేసి పెట్టమని టీచరుగారి చేతులు పట్టుకున్నాను.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"ముందు అమ్మాయికి ఫోన్ చేసి చెప్పండి. దాచి బాగుచేస్తే, బాగైనా మీ భయం పోదు."

చెప్పాను. సరే, రేపు సాయంత్రం వస్తాను, అంది కోడలు. ఆ సరేలో ఏముందో నాకు అంతుపట్టలేదు.

అప్పుడు టీచరుగారు కీబోర్డుని నా ముందుకే జరిపారు. నేనా అన్నాను.

"మీరేనండీ. భయపడండి, ఫర్వాలేదు. చేతులు మాత్రం ఆపకండి."

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని న్యూస్‌పేపరు పరిచి, బటన్లు ఉన్న వరసలోనే స్కెచ్‌పెన్నుతో గళ్లు గీయించారు. ఒక్కో బటన్ మీద ఉన్న గీతల్ని ముగ్గు చూసి వేసినట్టు గడిలో వేయమన్నారు. వేశాను. కీబోర్డు బోర్లించి తడితే అక్షింతలు గుప్పెడు రాలాయి. చెంచా కాడకి గుడ్డ చుట్టి బటన్ కింద దూర్చి లేపడం చూపించారు. మొదటి బటన్ టప్పున ఎగిరి మంచం కిందికి పోయింది. నేను గుండె పట్టుకుంటే ఆవిడ చీపురు తెచ్చారు. పొడుగు బటన్ కింద సన్నని తీగ ఉంటుందని, దాన్ని మాత్రం బతిమాలుకుంటూ తియ్యాలని చెప్పారు. బటన్లన్నీ గిన్నెలో సబ్బునీళ్లు పోసి కడిగాం. వెనక స్క్రూలు విప్పితే లోపల కాగితాల్లా పల్చటి ప్లాస్టిక్ పొరలు. పసుపు అక్కడిదాకా పోయింది. దూదితో నేనే తుడిచాను. అన్నీ ఫ్యాన్ కింద ఆరాక, పేపరు చూసుకుంటూ ఎక్కడివక్కడ మర్నాడు నేనే నొక్కాను.

కోడలు వచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా కంప్యూటరు ముందు కూర్చుంది. తెర చూస్తూ టకటకా కొట్టింది. నేను వంటింటి గడప దాటలేదు. ఉన్నట్టుండి చేతులు ఆపి కిందికి చూసింది.

"అత్తయ్యా, ఆరుని తొమ్మిది చేశారు. తొమ్మిదిని ఆరు చేశారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కోడలు నవ్వుతోంది. నా వేళ్లకి తెలుసులెండి, ఉండనివ్వండి, అంది. శుభలేఖ ఆ పూటే అయిపోయింది.

తరవాత టీచరుగారిని అడిగితే, ముందే చూశానన్నారు. "అమ్మాయి నవ్వుకోవడానికి ఒకటి ఉండాలి కదండీ."

ఆవిడ కర్మకాండలయ్యాక, మేడ మీద టైపు నేర్చుకునే ఆడపిల్లలు ఇద్దరు ఒక కీబోర్డు తెచ్చారు. టీ ఒలికిందట. టీచరుగారే చూసేవారు, ఇప్పుడెవరికి ఇవ్వాలో తెలియడం లేదు అన్నారు. కోడలు నన్ను అడగనైనా లేదు.

"మా అత్తయ్యకివ్వండి. చేస్తారు."

చెడగొడితే ఆవిడ పేరు పోతుందని భయపడ్డాను. చేతులు మాత్రం ఆపలేదు. నేనొక్కదాన్నే విప్పాను, కడిగాను. కరెంటు లేదు. గుమ్మం పక్క అరుగు మీద తెల్లగుడ్డ పరిచి, నీడలో బటన్లు ఆరబెట్టి కూర్చున్నాను. నీడ జరిగినప్పుడల్లా గుడ్డని కొద్దిగా అటు లాగుతూ, దానితోపాటు నేనూ జరుగుతూ, సాయంత్రానికి అరుగు ఈ చివర నుంచి ఆ చివరకి చేరాను.