ఐలా బుగ్గలూ పధ్నాలుగు రోజులూ

మా సరస్సు గట్టు సౌనాలో, అంటే అందరం కలిసి ఆవిరి పట్టుకునే గదిలో, పంతొమ్మిదేళ్ళుగా పొయ్యి వెలిగించేది ఐలాయే. అలాంటి ఐలా కిందటి ఫిబ్రవరిలో పధ్నాలుగు రోజులు లోపలికి అడుగు పెట్టలేదు. మా ఊరు తాంపెరేలో మనిషి సౌనాకి రావడం మానేస్తే రెండే కారణాలుంటాయని మా ఆడవాళ్ళ నమ్మకం. గుండెజబ్బు, లేదా చావు. ఐలా వీధిలో నడుస్తూ కనబడుతూనే ఉంది కాబట్టి గుండెజబ్బే అని తేల్చేశారు. మొదట్లో అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. నన్ను నోరెత్తొద్దంది.

ఐలాకి అరవై రెండు. నాకు ఇంకో నాలుగు ఎక్కువ. ఇద్దరం ఒకప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కుట్టినవాళ్ళం. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను స్కూలు వంటింట్లో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆమె సౌనాలో చేరింది. పనంటే ఏముంది, మంగళవారం, శనివారం పొద్దున్నే వచ్చి బారెడు దుంగలు పొయ్యిలోకి తొయ్యడం, పొయ్యి మీది రాళ్ళు కాలేదాకా కాపలా ఉండటం, మంట పూర్తిగా ఆరాక నాలుగు చెంబుల నీళ్ళు రాళ్ళ మీద కొట్టి మసినీ పొగనీ బయటికి పంపడం, అప్పుడు తలుపు తియ్యడం. చెప్పడానికి ఇంతే. ఐలా వేడి చేసిన రోజున ఆవిరి వచ్చి భుజాల మీద శాలువా కప్పినట్టు మెత్తగా కూర్చునేది. వేరేవాళ్ళు చేస్తే చెవులు కాలేవి.

రెండేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులకి డాక్టరు బరువు తగ్గమన్నాడు. తగ్గింది. మోకాళ్ళు కుదుటపడ్డాయి గానీ బుగ్గలు పోయాయి. కళ్ళ కింద రెండు గుంటలు పడ్డాయి. పైనుంచి వెలుతురు పడితే వాటిలో నీడలు నిలబడేవి. మేం రోజూ చూసేవాళ్ళం కాబట్టి పట్టించుకోలేదు. ఆ ఫిబ్రవరికి ముందటి శరత్కాలంలో సౌనాకి ఎనభై ఏళ్ళు నిండాయని పేపరువాళ్ళొచ్చి ఆమెని పొయ్యి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. తను నవ్వుతూనే ఉన్నానని ఐలా ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. పేపరొచ్చిన పొద్దున మూడు ఫోన్లు వచ్చాయి. ఒకరు "ఇంట్లో అందరూ క్షేమమేనా?" అన్నారు. ఇంకొకరు సూటిగా "ఎవరు పోయారు?" అన్నారు. మూడో ఫోను వాళ్ళక్క. ఆవిడ మాట్లాడకుండా ఏడ్చింది.

"బానే ఉన్నానే మిర్యా," అంది ఐలా నాతో, యాలకుల బన్ను తుంచుతూ. "బాగా తింటున్నా, బాగా నిద్రపోతున్నా. రైమో కూడా ఈమధ్య ఏ గొడవా పెట్టలేదు. నా మొహమే ఊరంతా తిరిగి నా మీద లేనిపోనివి చెబుతోంది."

రైమో ఆమె మొగుడు, సిటీ బస్సు డ్రైవరు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను గొడవ పెట్టింది ఎప్పుడో నాకైతే తెలీదు. అసలు మాట్లాడటమే తక్కువ.

అలా మాట్లాడుకుంటూనే ఐలా ఫిల్లర్ సంగతి చెప్పింది. చర్మం కింద జెల్లీలాంటి మందు సూదితో ఎక్కించి, పల్లంగా ఉన్నచోట పూడుస్తారట. మా మేనకోడలు పెదాలకి చేయించుకుంది కాబట్టి నాకు కొత్తేం కాదు. నవ్వాను. ఐలా నవ్వలేదు. అప్పుడు ఆమెకి తోడుగా వెళ్తానన్నాను.

క్లినిక్కులో నర్సు పేరు నూరా. ముప్ఫై దాటి ఉండదు, మాట మాత్రం తూచినట్టు ఉంది. సూది ముట్టుకోకముందే కూర్చోబెట్టి ఏమేం చెయ్యకూడదో చెప్పుకొచ్చింది. ఆ రోజంతా మొహం మీద చెయ్యి వెయ్యొద్దు, పౌడరూ రంగులూ మర్నాటిదాకా వద్దు. గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుని, తుడవకుండా తువ్వాలుతో అద్దుకోవాలి. వాపుంటే గుడ్డలో చుట్టిన చల్లటి ప్యాకెట్టు కాసేపు పెట్టుకోవచ్చు. కొన్నాళ్ళు వెల్లకిలా పడుకోవాలి, తల కింద రెండు దిళ్ళు. రెండు రోజులు మద్యం తాగొద్దు, ఒగర్చేలా స్కీయింగ్ చెయ్యొద్దు. నొప్పొస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఇంకేది వేసుకోవాలన్నా తనని అడగాలి.

"సౌనా రెండు వారాలు వద్దు," అంది చివర్లో. "సరస్సు మంచులో కొట్టిన గుంటలో ఈతా వద్దు."

"కూర్చోను," అంది ఐలా. "వేడి చేస్తానంతే. అది నా ఉద్యోగం."

నూరా కలం కింద పెట్టింది. "పొయ్యి మూతి దగ్గర మొహానికి ఎంత వేడి తగులుతుంది?"

"కనుబొమ్మలు చుర్రుమంటాయి."

"అయితే ఇప్పుడొద్దు ఐలా గారూ. వేడికి వాపూ కమిలినదీ పెరుగుతాయి. జూలైలో సౌనా మూసేస్తారుగా, అప్పుడు రండి. తొందరేం లేదు."

 ఐలా నాకేసి చూసింది.

"పర్లేదు," అంది నూరాతో. "పొయ్యి మిర్యా చూసుకుంటుంది."

నన్నెవరూ అడగలేదు. ఆ మాటే అన్నాను కూడా. ఐలా అప్పటికే చలికోటు విప్పి కొక్కేనికి తగిలిస్తోంది.

అది గురువారం. శనివారం పొద్దున ఏడింటికి నేను పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. బయట మైనస్ పదకొండు. ఐలా లోపలికి రాకూడదు కాబట్టి చిన్న కిటికీ అవతల మంచులో నిలబడి, కళ్ళు తప్ప మొహమంతా మఫ్లర్ చుట్టుకుని, ఫోన్లో నన్ను నడిపిస్తోంది. కిటికీకీ నాకూ మధ్య రెండు గజాలుంటాయి.

"ఆ దుంగ అడ్డంగా పెట్టకే. నిలువుగా."

"నిలువుగానే పెట్టాను."

"నీ నిలువు అదా?"

నాలుగు గంటలు అలా సాగింది. పదకొండింటికి చలికి తట్టుకోలేక ఐలా ఇంటికెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, ఎర్రటి మంట నాలుక ఒక్కటి కనబడినా నీళ్ళు కొట్టొద్దని మూడుసార్లు చెప్పింది. నాకేమీ కనబడలేదు. మూడింటికి తలుపు తీశాను. ఆడవాళ్ళు పన్నెండుమంది మెట్ల మీదకి ఎక్కి కూర్చున్నారు. కైసు మామ్మ పై మెట్టు మీద తన చోట్లో కూర్చుని "నీళ్ళు పొయ్యవే" అంది. పోశాను. రాళ్ళలో ఎక్కడో మిగిలిన మంట తుస్సుమని, పొగా మసీ కలిసి లేచాయి. అందరం దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, తువ్వాళ్ళు చుట్టుకుని గట్టు మీదకి పరిగెత్తాం.

కైసు మామ్మకి ఎనభై నాలుగు. ఆఖర్న బయటికొచ్చింది, ముక్కు కింద మసితో. "చేపల్ని పొగబెడుతున్నావో మనుషుల్ని పొగబెడుతున్నావో ముందు చెప్పాల్సింది," అంది. "ఐలా ఏది?"

ఐలా అప్పుడే సౌనా ఎలా ఉందో చూద్దామని వెనక్కి వచ్చింది. గట్టు మీద మా గుంపుని చూసి కంగారులో మఫ్లర్ జారిపోయిన సంగతి గమనించలేదు. ఎడమ బుగ్గ మీద నేరేడుపండు రంగులో అరచేయంత కమిలి ఉంది. సూదికి కొందరికి అలా అవుతుందనీ, వారం పది రోజుల్లో పసుపు రంగులోకి తిరిగి పోతుందనీ నూరా ముందే చెప్పింది. మామ్మకి ఎవరు చెప్పారు? ఆవిడ ఆ బుగ్గకేసి చూసింది, నాకేసి చూసింది, ఒక్క మాట కూడా అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మామ్మ అడగకుండా ఊరుకోవడం ఎన్నడూ చూడలేదు.

సోమవారం సాయంత్రం రైమో డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడట.

"కైసు మామ్మ ఇవాళ నా బస్సెక్కింది," అన్నాడు.

"ఎక్కితే?"

"దిగలేదు. నా పక్కనే నిలబడి, బస్సులో అందరికీ వినబడేలా, 'రైమో, మేమందరం నిన్ను చూస్తూనే ఉన్నాం. ఇంకొక్కసారి జరిగితే పోలీసుల్ని నేనే పిలుస్తా' అంది. ఏం జరిగితే ఐలా?"

అప్పుడు అతను పెళ్ళాం మొహంకేసి చూశాడు. సూదులేసి నాలుగు రోజులైంది. అతను చూడటం అదే మొదలు.

"అదేంటి, పడ్డావా?" అన్నాడు.

ఐలా నాకు తర్వాత చెప్పింది, ఆ నిమిషంలో తనకి సిగ్గేసింది బుగ్గల గురించి కాదట. ముప్ఫై ఏళ్ళలో చెయ్యెత్తని మనిషిని, తన గుట్టు కోసం బస్సు నిండా జనం ముందు నిలబెట్టినందుకట. కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో దగ్గర్నుంచీ మొత్తం చెప్పింది. రైమో అప్పుడు బూట్లు విప్పాడు.

"ఆ ఫొటోలో నువ్వు బాగానే ఉన్నావు కదా," అన్నాడు.

"మా అక్క ఏడ్చింది."

"మీ అక్క వాతావరణం వార్తలకి కూడా ఏడుస్తుంది." తర్వాత లేచి, ఆమె మంచం మీదకి తన దిండు కూడా తెచ్చి పెట్టాడు. వెల్లకిలా పడుకోవడానికి రెండు దిళ్ళు చాలడంలేదని అప్పటిదాకా ఆమె ఎవరితోనూ అనలేదు.

మర్నాడు సాయంత్రం సౌనా మూశాక ఐలా మామ్మ ఇంటికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. మామ్మ కాఫీ పోసింది. ఐలా చెప్పింది. చెబుతున్నంతసేపూ మామ్మ చెంచా తిప్పుతూనే ఉంది.

"అంటే డబ్బిచ్చి పొడిపించుకున్నావు," అంది చివరికి.

"అవును మామ్మా."

"నేనేమో రెండు రాత్రులు నిద్రపోలేదు. యాభై ఏళ్ళ కిందట మా పక్కింటి పిల్ల బుగ్గ మీద అలాంటిదే చూసి, మనకెందుకులే అని ఊరుకున్నాను. ఈసారి ఊరుకోకూడదనుకున్నా."

ఐలా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ పక్కింటి పిల్లకి తర్వాత ఏమైందో మామ్మ మాకు చెప్పలేదు. నిజంగా జరిగి ఉంటే నువ్వు చేసిందే మంచి పని అని మాత్రం ఐలా అంది. మామ్మ ముక్కు చీదుకుని, "ఇప్పుడు రైమో సంగతేంటి?" అంది.

సంగతి మామ్మే తేల్చింది. బుధవారం అదే బస్సు, అదే వేళకి ఎక్కింది. అదే చోట నిలబడి, "సోమవారం నేనన్న మాట అందరూ విన్నారు కదా, ఇదీ వినండి. ఈయన కొట్టలేదు. ఐలా బుగ్గలకి సూదులేయించుకుంది. ఈయన మంచివాడు," అంది. రైమో స్టీరింగ్ మీదనుంచి కళ్ళు తిప్పకుండా "సరే మామ్మా, కూర్చో" అన్నాడట. సాయంత్రానికి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఐలా గుట్టు అలా ముగిసింది.

ఇంకా ఎనిమిది రోజులు మిగిలే ఉన్నాయి. కమిలింది తగ్గుతూ వచ్చింది గానీ, ఎడమ బుగ్గలో బఠాణీ గింజంత గట్టిగా తగిలేది. ఐలా వేళ్ళు ఊరుకునేవి కావు. టీవీ చూస్తూ నొక్కబోయేది. ఆఖరికి ఇంట్లో కూడా ఉన్ని చేతి తొడుగులు వేసుకుని కూర్చుంది. అయినా భయం వదలక నూరాకి ఫోన్ చేసింది.

"నొప్పి పెరుగుతోందా? చర్మం తెల్లగా పాలిపోవడం గానీ, వల అల్లినట్టు మరకలు గానీ? చూపులో తేడా ఏమైనా?" అని అడిగింది నూరా. వాటిలో ఏదొచ్చినా ఒక్క క్షణం ఆగకుండా ఫోన్ చెయ్యాలని మొదటి రోజే చెప్పింది.

"లేదమ్మా. బఠాణీ ఉంది, అంతే."

నూరా అయినా రమ్మంది. వెలుతురులో చూసి, వేలితో మెల్లిగా తాకి, వాపు ఇంకా పూర్తిగా దిగలేదనీ, నొక్కి సర్దాలని చూస్తే లేనిపోని చిక్కనీ, రెండు వారాలయ్యేసరికి మళ్ళీ చూస్తాననీ చెప్పింది. మంచు మీద పడే ఎండ ఎదురుగా కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ రాసుకోమంది. ఐలా జన్మలో ఎన్నడూ రాసుకోలేదు. రైమో షాపుకెళ్ళి పిల్లలకి రాసేది తెచ్చాడు, సీసా మీద తాబేలు బొమ్మతో. అదే రాసుకుంది.

ఈలోగా నేను పొయ్యి నేర్చుకున్నాను. రెండో శనివారం గంటసేపు ఎక్కువ ఆగాను. మామ్మ పై మెట్టు మీద కళ్ళు మూసుకుని, "తినొచ్చు," అంది. అదే ఆవిడ మెచ్చుకోలు.

పధ్నాలుగో రోజున నూరా చూసి, ఇక సౌనాకి వెళ్ళొచ్చంది. బఠాణీ లేదు. గుంటలు పూర్తిగా పూడలేదు. కావాలనే కొంచెం వదిలేశాననీ, మొహం ఐలాదిలాగే ఉండాలి కదా అనీ నూరా అంది. అద్దంలో ఐలా చాలాసేపు చూసుకుంది. కొత్త మనిషేం కాలేదు. బాగా నిద్రపోయి లేచిన ఐలాలా ఉంది, అంతే. ఆమె కోరుకుంది కూడా అంతే.

ఆ శనివారం ఐలా సౌనాకి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ బుగ్గలు చూడటానికి ముందే వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఒకామె ఎడమ వైపు బాగుందంది, ఇంకొకామె తేడా ఏమీ లేదంది. ఐలా అక్క ఊరి నుంచి వచ్చి, చూసి, సంతోషంతో ఏడ్చింది. ఐలా మాత్రం పొయ్యి దగ్గరికి పోయి నేను పేర్చిన దుంగలన్నీ తీసి, మళ్ళీ తనకి కావలసినట్టు పేర్చుకుంది. పొయ్యి మూతిలోకి తల పెట్టి చూసే అలవాటు మానేసింది, పొడుగాటి కర్రతో దూరం నుంచే తోస్తోంది. మూడున్నరకి తలుపు తీసింది. ఆవిరి మెత్తగా దిగింది. 

బయటికొచ్చి గట్టు మీద బెంచీ మీద కూర్చుని సాసేజ్ తింటుంటే, "మంగళవారాలు నువ్వే చెయ్యవే," అంది నాతో. "నాకూ వారంలో ఒకరోజు కూర్చుని ఆవిరి పట్టుకోవాలనుంది."

అప్పటినుంచీ మంగళవారం పొయ్యి నాది.