మూడు డాబాల మీద కోయిల లెక్క

అమీర్‌పేటలో ఆ రోజుల్లో 'పెట్టడం' అనే మాటకు వేరే అర్థం ఉండేది. టిఫిన్ బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి "ఎన్ని పెట్టావురా?" "మూడు పెట్టా, నువ్వు?" అనుకుంటుంటే, కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు ఇడ్లీల గురించే అనుకునేవారు. వాళ్ళు మాట్లాడుకునేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల బయోడేటాల గురించి. చెయ్యని ఉద్యోగంలో గడపని సంవత్సరాలను కాగితం మీద చేర్చుకోవడాన్ని పెట్టడం అనేవారు. రెండు పెట్టినవాడు జాగ్రత్తపరుడు, నాలుగు పెట్టినవాడు ధైర్యవంతుడు. ఏమీ పెట్టనివాణ్ణి ఫ్రెషర్ అనేవారు, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి.

నేను సోమాజిగూడలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. పొద్దున్నంతా తీరికే కాబట్టి మా సందు మొదట్లో ఉన్న జిరాక్స్, డీటీపీ షాపులో కూర్చునేవాణ్ణి. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ "ఏంటమ్మా, జావానా, టెస్టింగా?" అని అడిగి, జవాబును బట్టి బయోడేటా నమూనా తీసేవాడు. ఎవరికీ చెడు చెయ్యాలన్న ఆలోచన ఆయనకు లేదు. ఆకలితో వచ్చినవాడికి ఇంకో గరిటె వడ్డించినట్టే ఇంకో రెండేళ్ళు వడ్డించేవాడు.

ఆ షాపులో టైపు చేసే అమ్మాయిది ఎర్రగడ్డ. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. చుట్టూ నాలుగు అంతస్తుల మేర కోర్సుల బోర్డులు వేలాడుతుంటే, వాటి కింద కూర్చుని ఇతరుల బయోడేటాలు కొడుతూ, ఖాళీ దొరికినప్పుడు ఇంటర్నెట్‌లో అడవుల గురించి చదివేది. ఒకసారి నన్ను పిలిచి స్క్రీన్ మీద ఒక ప్రకటన చూపించింది. బోర్నియో దీవిలో, ఏడాది పొడవునా వానలు కురిసే అడవి మధ్య, ఒక పరిశోధన కేంద్రం. అక్కడ గిబ్బన్లనే తోకలేని కోతుల సంఖ్య లెక్కపెట్టడానికి ఆరు నెలలపాటు ఇంటర్న్‌లు కావాలి. రానూపోనూ టికెట్టు, తిండి, బస వాళ్ళవే.

"పంపియ్యాల్నా సార్?" అంది.

"పంపకపోతే వాళ్ళు ఇక్కడికొచ్చి నిన్ను వెతుక్కుంటారా?" అన్నాను.

దరఖాస్తు తనే రాసుకుంది. బయోడేటా మాత్రం, తన గురించి తను రాసుకోవడానికి సిగ్గుపడి, యజమానికి అప్పజెప్పింది. ఆయన కొట్టాడు, ఆమె పైపేజీ చూసి పంపేసింది.

నెల తర్వాత జవాబు వచ్చింది. ఎంపికైంది. యజమాని పావుకిలో మైసూర్‌పాక్ తెప్పించి, దారిన పోయేవాళ్ళకు కూడా పెడుతున్నాడు. అమ్మాయి మాత్రం స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. అడవుల్లో ఆమెకున్న రెండేళ్ళ అనుభవం చూసి, ముగ్గురితో కూడిన ఒక బృందానికి నాయకురాలిగా తీసుకుంటున్నామని ఆ ఉత్తరంలో ఉంది.

"అన్నా, గీ రెండేండ్లు ఏడికెళ్ళి వచ్చినయి?"

"అందరికీ పెట్టినట్టే నీకూ పెట్టానమ్మా," అన్నాడాయన, మిఠాయి ముక్క నోట్లో ఉండగానే. "ఫ్రెషర్ అని పంపితే ఎవరు చూస్తారు చెప్పు?"

"నేను అడివిని సినిమాల్లనే చూసిన!"

"వెళ్ళాక నేర్చుకుంటావు. మనవాళ్ళంతా చేసేది అదే కదా. ఆఫీసులో కూర్చున్నాక వారం రోజుల్లో అన్నీ వచ్చేస్తాయి."

"ఆఫీసుల తప్పు చేస్తే పక్క సీటోడు దిద్దుతడన్నా. ఆడ నేను పది కోతులున్నయని రాస్తే పదే అయితయి. ఎవడు దిద్దుతడు? కోతులు వచ్చి చెప్తయా?"

యజమాని నా వైపు చూశాడు, నేనేదైనా సర్దిచెబుతానేమోనని. నిజం చెప్పాలంటే నాకూ ఆయన మాటే సబబుగా తోచింది. ఉత్తరంలో ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆమె వెళ్ళిపోతుంది. చెబితే బహుశా వెళ్ళదు. ఇలాంటి పిలుపు అమీర్‌పేటకు మళ్ళీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆమె అప్పటికే టైపు చేస్తోంది. బయోడేటాలో ఆ వాక్యం తప్పనీ, తనకు అడవిలో ఒక్కరోజు అనుభవం కూడా లేదనీ, చూసుకోకుండా పంపడం తన పొరపాటేననీ రాసింది. షాపు మీదికి గానీ యజమాని మీదికి గానీ నెట్టలేదు. పంపేశాక ఒక మైసూర్‌పాక్ ముక్క తీసుకుని తింది.

వారానికి జవాబు వచ్చింది. రాసింది ఆ కేంద్రంలోని శాస్త్రవేత్త, ఒక పెద్దావిడ. నాయకురాలి స్థానం ఇవ్వలేమంది. శిక్షణలో ఉండేవారి స్థానం ఒకటి ఖాళీగా ఉంది, దానికి ఆమె ఎలా వింటుందో చూడాలంది. ఆ అడవిలో గిబ్బన్లు కంటికి కనబడేది తక్కువట. తెల్లవారుతూనే అవి గొంతెత్తి పాడతాయి. దూరదూరంగా మూడు చోట్ల ముగ్గురు కూర్చుని, ఏ నిమిషాన, ఏ దిక్కు నుంచి పాట వినబడిందో దిక్సూచి చూసి రాసుకుంటారు. తర్వాత మ్యాపు మీద మూడు గీతలు గీస్తే, అవి కలిసిన చోట ఒక గిబ్బన్ కుటుంబం ఉన్నట్టు. మీ ఊళ్ళో ఏదో ఒక పిట్టను ఎంచుకుని, మూడు చోట్ల నుంచి ఏడు పొద్దులు ఇలాగే విని, కాగితాలు ఉన్నవి ఉన్నట్టు పంపు, చూసి నిర్ణయిస్తాను అని రాసిందావిడ.

ఎండాకాలం మొదలైంది. పిట్ట ఏదో ఆలోచించనక్కర్లేకపోయింది. వేప చెట్లున్న ప్రతిచోటా కోయిలే. చోట్లకు మూడు డాబాలు కుదిరాయి. శ్రీనగర్ కాలనీ వైపు మా ఇంటి డాబా ఒకటో పోస్టు, షాపున్న భవనం రెండో పోస్టు, పంజాగుట్ట వైపు ఆమె మేనత్త ఉండే అపార్ట్‌మెంట్ మూడో పోస్టు. మూడో మనిషిగా, షాపు డాబా మీదికి, యజమాని తనంత తానే వచ్చాడు. తన వల్ల జరిగింది తనే సరిదిద్దాలని ఆయనకు పట్టుదల.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న మూడు ప్లాస్టిక్ దిక్సూచులతో, ఐదున్నరకల్లా ముగ్గురం మూడు డాబాలెక్కాం. నేను ఆ డాబా మీద ఆరేళ్ళుగా బట్టలు ఆరేసుకుంటున్నాను. అక్కడ వినవలసినది ఉందని ఎప్పుడూ అనుకోలేదు. మొదటి పొద్దున నాకు వినబడింది ఒకటే, రొద. పాల వ్యాను, మసీదు అజాన్, ఎవరి ఇంట్లోనో టేపు మీద సుప్రభాతం, మొదటి బస్సు గేరు మార్చుకోవడం, పంజాగుట్టలో ఫ్లైఓవర్ పని దగ్గర ఇనుప కడ్డీలు దించుతున్న చప్పుడు. మధ్యలో ఎక్కడో కోయిల. నేను నాలుగు రాశాను. ఆమె నా కాగితం చూసి, "సార్, గీ రెండూ ఒకటే కోయిల. చెట్టు మారింది, గంతే," అంది. మర్నాడు జాగ్రత్తగా విన్నాను. నిజమే. అదే గొంతు, చివర కొంచెం చీలుతోంది. ముప్ఫై ఏళ్ళుగా మనుషులు చెప్పింది విని రాసే వృత్తిలో ఉండి, ఒక గొంతును ఇంకో గొంతు నుంచి విడదీయడం ఒక టైపిస్టు దగ్గర నేర్చుకున్నాను.

రోజూ తొమ్మిదింటికి షాపులో కూర్చుని స్కేలుతో గీతలు గీసేది. ఐదు రోజులు గీతలు దాదాపుగా కలిశాయి. ఒక కోయిల శ్రీనగర్ కాలనీ పార్కులో, ఒకటి పంజాగుట్టలో ఆస్పత్రి వెనక వేప మీద.

ఆరో రోజు ముందు రాత్రి వాన పడింది. పొద్దున చెట్లన్నీ తడిసి ముద్దై ఉన్నాయి. నాకు ఒక్కటి, అదీ దూరంగా. ఆమెకు ఏదీ లేదు. యజమాని కాగితం మీద ఆరు ఉన్నాయి.

"అన్నా, ఆరు విన్నవా?"

"ఉంటాయి కదమ్మా. చెట్లు ఎక్కడికి పోతాయి?"

"ఉంటయా అని కాదు. విన్నవా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఐదు రోజుల బట్టీ రెండూ మూడూ రాస్తున్నాను. చూసినావిడ ఏమనుకుంటుంది? పెద్ద సిటీలో ఇంతేనా అనుకోదూ? అందుకని ఓ ఆరు... పెట్టాను."

ఆమె స్కేలు తీసి ఆ ఆరింటికీ గీతలు గీసింది. ఒకటి సరిగ్గా ఫ్లైఓవర్ స్తంభం మీదుగా పోయింది. ఇంకొకటి నా డాబా మీదకే వచ్చింది.

"సార్, మీ పక్కనే కూసున్నదంట. పలకరించలేదా?"

నేను నవ్వాను. యజమాని నవ్వలేదు. "చింపేసి ఇంకోటి రాయమ్మా, నీకు పుణ్యం ఉంటుంది," అన్నాడు. అది చింపితే ఏడు పొద్దుల్లో ఒకటి పోతుంది. తిరగరాస్తే అదీ పెట్టినట్టే. ఆమె కలం తీసి, కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది: రెండో పోస్టులో ఈ రోజు రాసినవి విన్నవి కావు.

"నన్ను ఇరికిస్తావా తల్లీ?"

"నిన్ను కాదన్నా. పోస్టు నంబర్ రెండును."

అది పంపితే ఆవిడ ఇక ఈ అమ్మాయి మొహం చూడదని నాకు గట్టిగా అనిపించింది. ఒకసారి బయోడేటాలో అబద్ధం, ఇప్పుడు లెక్కలో అబద్ధం. ఆ మాటే ఆమెతో అన్నాను. "ఫికర్ చెయ్యకండ్రి సార్, వద్దంటే వద్దు. గని ఉన్నది ఉన్నట్టు పంపమన్నది ఆమెనే," అంది. ఏమీ జరగలేదని విలేకరి పంపిన కాగితం మా డెస్కులో చెత్తబుట్టలో పడుతుంది. ఏమీ వినబడని ఒక గంటను తారీకు వేసి, సంతకం పెట్టి దాచే పని నేను అప్పుడే చూశాను.

ఏడో రోజు యజమాని అందరికంటే ముందు డాబా ఎక్కాడట. తొమ్మిదింటికి కాగితం నా చేతిలో పెట్టి, "చూడండి సార్, గుండు సున్నా. నిఖార్సైన సున్నా," అన్నాడు. గంటా పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడట. ఆ ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది.

ఏడు కాగితాలూ స్కాన్ చేసి పంపాం. పదిహేను రోజులపాటు ఆ షాపులో ఎవరూ బోర్నియో మాట ఎత్తలేదు. జవాబు వచ్చినప్పుడు చదువుదామంటే అందులో పెద్దగా ఏమీ లేదు. కోయిలల గురించి గానీ, రెండో పోస్టు గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఫలానా తేదీకి రమ్మని, కాలి కొలత పంపమని, చిన్న సైజు రబ్బరు బూట్లు అక్కడ దొరకవని ఉంది. అమ్మాయి ఆ నాలుగు వరుసలూ మూడుసార్లు చదివి, లేచి నిలబడి, చెప్పు విప్పి తెల్లకాగితం మీద పాదం పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసుకుంది.

వెళ్ళాక అక్కడి నుంచి షాపుకే మెయిల్ చేసేది. అప్పట్లో తెలుగు అక్షరాలు మెయిల్లో పోయేవి కావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపితే, యజమాని దాన్ని తెలుగులోకి టైపు చేసి, ప్రింటు తీసి నా కోసం ఉంచేవాడు. ఆరబెట్టిన బట్ట నాలుగు రోజులైనా ఆరదని రాసింది. జలగలు లోపలికి రాకుండా మోకాళ్ళ దాకా గుడ్డ మేజోళ్ళు తొడుక్కుంటారని, అయినా ఒకటి చెవి వెనక దొరికిందని రాసింది. కొమ్ముముక్కు పక్షి నెత్తి మీదుగా ఎగిరితే రెక్కల చప్పుడు పాత స్కూటరు స్టార్టు చేస్తున్నట్టుంటుందట. రాత్రి వాన పడితే గిబ్బన్లు పొద్దున పాడవట. అలాంటి పొద్దులు ఆమె కాగితాల నిండా ఉన్నాయి.

నాకు ఎక్కువ ఇష్టమైన ఉత్తరం మూడో నెలలోది. వాన లేకున్నా, ఆమెకిచ్చిన కొత్త పోస్టులో వరసగా తొమ్మిది రోజులు ఏమీ వినబడలేదు. మిగతా ఇద్దరికీ ఆమె వైపు నుంచే రోజూ పాట వినబడుతోంది. ఆ ఇద్దరూ యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్ళు, ఈమె అందరికంటే కింది స్థానం. ఎనిమిదో రోజు వాళ్ళలో ఒకడు, నీ చెవులు చూపించుకో అన్నాడట నవ్వుతూ. వాళ్ళ గీతలను చూసి తనూ ఒక దిక్కు వేసుకోవడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. తొమ్మిదో రోజు కూడా వినబడలేదనే రాసి ఇచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"మా క్యాంపుల గీ అడివిలనే పుట్టిన ఒక ముసలాయన ఉన్నడు సార్. దారి చూపుతడు, మస్తు తక్కువ మాట్లాడుతడు. ఆయన నా తొమ్మిది కాగితాలు అడిగి తీసుకున్నడు. చదువు రాదు, ఖాళీ గళ్ళు మాత్రం చూసిండు. పదో రోజు చీకటితోనే నాతోని వచ్చి, నా జాగల కూసున్నడు, కండ్లు మూసుకున్నడు. గంట సేపు. లేసి, కింద లోయ వైపు చెయ్యి చూపిండు. ఆడ వాగు ఉన్నది. ఎగువ గుట్టలల్ల పడ్డ వానలకు పొంగి, ఆ చప్పుడే పాటను మింగుతున్నదట. ఇన్నొద్దులూ నాకు అడివి అట్లనే మోగుతదనుకున్న. ఆయన మేడమ్‌కు పోయి చెప్పిండు, ఈ పిల్ల లేదన్నదంటే లేదు, జాగనే తప్పు అని. ఇయ్యాల పోస్టును గుట్ట మీదికి మార్చిండ్రు సార్. నా సామాను ఆయనే మోసిండు."