మూడో అడుగు

తిమ్మయ్య కాలం చేశాక ఆగిపోయిన చెక్కభజన బృందం ఈ శ్రీరామనవమికి కోయిలకుంట్లలో మళ్లీ కూడింది. పాతవాళ్లలో మిగిలింది ఓబుళేశు ఒక్కడే. గజ్జెలు కళ్లకద్దుకుని కట్టుకోవడం, చెక్కలు పలికించే ముందు ఒకసారి ఎడమపక్కకు చూడడం అతని అలవాటు. ముప్పై ఏళ్లు తిమ్మయ్య ఆ పక్కనే జోడీగా ఆడాడు. ఇప్పుడక్కడ కొత్తగా చేరిన కుర్రాడు భూపేష్ నిలబడ్డాడు. కొత్తవాళ్లంతా పాత వీడియో చూసి ఆట నేర్చుకొచ్చారు. మూడో అడుగుకు అందరూ ఒక్కటిగా కుడికాలు ఈడ్చి తిరిగేసరికి ఓబుళేశు చేతుల్లో చెక్కలు ఆగిపోయాయి. అది ఆటలో అడుగు కాదు, తిమ్మయ్య మోకాలి నొప్పి.

"ఏం మామా, తప్పు చేస్తాండామా? వీడియోలో తిమ్మయ్య మామ ఇట్లే తిరిగినాడే," అన్నాడు భూపేష్.

ఓబుళేశు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "సరిగ్గానే ఉండాది లేప్పా. కానీండి."

మలి చుట్టులో రామా అనుకుంటూ, ఏ నొప్పీ లేని తన కుడికాలిని అతనూ ఈడ్చాడు.