ఆయన మంచం దగ్గరి గాలి

పొద్దున్నే లేవగానే పెరట్లో నీళ్లపొయ్యి వెలిగించడం పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకు అలవాటు. వేడినీళ్లు లేనిదే ఆయనకు తెల్లారేది కాదు. పోయిన ఏడాది కోతల తర్వాత ఊపిరందక ఆయన పోయాడు. అప్పట్నుంచి ఆమె ఆ పొయ్యి జోలికే పోలేదు. చలికాలంలోనూ చన్నీళ్లే గుమ్మరించుకుంది.

మొండి మనిషని ఇరుగుపొరుగు అనుకున్నారు. సంగతి అది కాదు. ఆయన పోయిన రోజున ఆడపడుచు అందరి ముందూ ఒక మాట అంది: "నీ పొయ్యి పొగే మా తమ్ముణ్ణి మింగేసింది." ఆ మాట ముల్లులా గొంతులో దిగబడింది. మాటకు మాట చెప్పే రకం కాదు ఆమె. పైగా ఆయన గది కిటికీ పెరటివైపే తెరుచుకుంటుంది మరి; ఆ మాట నిజమేనేమోనని తనకూ భయమే.

ఈ ఏడాది కోతలకు ముందు వీధిలోకి ఒక ఉద్యోగి వచ్చాడు. కోతయ్యాక పొలాల్లో మిగిలే కొయ్యకాళ్లు తగలబెడితే ఇళ్లలోకి ఎంత విషం చేరుతుందో కొలవడం అతని పని. అందరూ గాలిమాస్టారు అనేవారు. అతని పెట్టె గాలి పీల్చి, లోపలి తెల్లకాగితం మీద మసిని పట్టేస్తుంది. దాన్ని పెట్టడానికి ఆమెను మేడమీద చోటు అడిగాడు.

"మేడమీద వద్దు మాస్టారూ. మా ఆయన మంచం దగ్గర పెట్టండి."

"ఇంట్లో అయితే పొయ్యి పొగ కలుస్తుందమ్మా."

"అదే కావాలి నాకు. ముందు పొయ్యి రాజేస్తాను, కొలవండి. పొలాలు తగలబెట్టేటప్పుడు ఆర్పేస్తాను, అప్పుడూ కొలవండి."

మాస్టారు ఖాళీ మంచం వైపు చూశాడు. "సరేనమ్మా" అన్నాడు.

అంతకాలం తర్వాత ఆమె పుల్లలు పేర్చి పొయ్యి రాజేసింది. పొగ కిటికీ వైపు తిరిగినప్పుడల్లా ఊదడం ఆపి అటే చూసింది.

తర్వాత పొలాలు మండాయి; ఆమె పొయ్యి ఆర్పేసింది. పట్టపగలే వీధి మసకబారింది. మూసిన కిటికీ సందుల్లోంచి కూడా పొగ దూరింది. మాస్టారు కాగితం తీసుకోడానికొచ్చి పెట్టెను చూసి లబోదిబోమన్నాడు.

"ఇదెవరు తడిపారమ్మా?"

"మూతి నల్లగా ఉంటే తడిగుడ్డతో తుడిచాను."

"దానికి మూతి తుడవకూడదు తల్లీ, అదేమన్నా పసిపిల్లా! ఇవాళ్టి కొలత గంగపాలు."

మర్నాడూ పొలాలు మండుతూనే ఉన్నాయి, మళ్లీ కొత్త కాగితం పెట్టాడు. ఆమె పెట్టె దరిదాపులకు పోలేదు.

ఫలితం చెప్పడానికి అతను వచ్చిన రోజున ఆడపడుచు కూడా ఇంట్లోనే ఉంది. మాస్టారు రెండు కాగితాలు బల్లమీద పరిచాడు. పొయ్యి వెలిగించిన నాటిది పలచని టీ రంగులో ఉంది. పొలాలు మండిన నాటిది పెనం అడుగులా ఉంది.

"కంటికి కనపడని విషాలు కూడా రెండోదాంట్లోనే ఎన్నో రెట్లున్నాయి. పొయ్యి పొగ మంచిదనను, జబ్బుమనిషికి అదీ కష్టమే. కానీ ఈ గదిని ఇంతలా నింపింది పొలాల పొగ."

"పోయినేడు?" అని అడిగింది ఆమె.

"అప్పుడిక్కడ నేను కొలవలేదమ్మా. మంటలు మాత్రం ఈసారికంటే ఎక్కువే."

ఆడపడుచు నల్లకాగితాన్ని రెండు చేతుల్తో ఎత్తి చూసి మంచం మీద కూలబడింది. "వాడు పీల్చింది ఇదా... నోరు జారాను, అమ్మాయ్."

"జారింది. నన్నేడాది పాటు చన్నీళ్లలో ముంచింది," అంది ఆమె. "లే వదినా, అన్నం చల్లారిపోతోంది. మాస్టారూ, మీరు కూడా చెయ్యి కడుక్కోండి."

తనే ముందు కడుపునిండా తినేసింది. గుండెల మీంచి బండ దిగినట్టుంది. ఆయన లేడన్న దిగులు ఎక్కడికీ పోలేదు, కానీ దాని పక్కన ఇంకే భయమూ లేదు.

మాస్టారు వెళ్లాక ఆడపడుచు చెంగు బిగించి లేవబోయింది. "అంట్లు తోమేస్తానుండు."

"నువ్వూ వద్దు, నేనూ వద్దు. ఉండనీ."

ఎంగిలి పళ్లేలు అలాగే బల్లమీద ఉండగా, ఆమె చల్లని నేలమీద చాప పరుచుకుని కళ్లు మూసుకుంది.